నాలుగువందల యాభై రూపాయల వెచ్చదనం

ముందే ఒక మాట ఒప్పుకుంటే గుండె బరువు తగ్గుతుంది. నేను ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నవాణ్ణి. హైదరాబాదులో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు పాతికేళ్లుగా ఓమ్ నియమం చెబుతున్నాను. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను. అలాంటివాణ్ణి ఒక్క భాగహారం చెయ్యకుండా ఏడు నెలలూ, నాలుగు వేల చిల్లరా తగలేశాను. చేసి ఉంటే అరనిమిషం పట్టేది.

అంతా మా అమ్మాయి మొదటి జీతంతో మొదలైంది. వాళ్లమ్మకు చీర, నాకు హెడ్‌ఫోను కొనుక్కొచ్చింది. చెవుల్ని పూర్తిగా కప్పేసే రకం, మెత్తటి దిండ్లు. "బ్లూటూత్‌ది అయితే చార్జింగ్ పెట్టడం మర్చిపోతావు నాన్నా" అని వైరున్నదే తెచ్చింది. అట్టపెట్టె అడుగున చిన్న అక్షరాల్లో రెండు అంకెలు ఉన్నాయి: 32 ఓములు, మిల్లీవాటుకు 100 డెసిబెళ్లు. నేను ఆ పెట్టెను చూసి, బాగుందనుకుని, అటక మీద పెట్టేశాను. తర్వాత నేను చేసిన ప్రతి వెర్రికీ విరుగుడు ఆ పెట్టె అడుగునే ఉంది. అది అటక మీద దుమ్ము కొట్టుకుపోతూ ఉంటే నేను కింద కూర్చుని వెర్రి పనులన్నీ చేశాను.

ఫోనుకు తగిలించి విన్నాను. బ్రహ్మాండంగా ఉంది. శబ్దం సగం దాకా కూడా పెంచక్కర్లేకపోయింది. ఆ మాట అక్కడితో ఆగి ఉంటే ఈ స్వగతం ఉండేది కాదు. మర్నాడు స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకున్నాను. కంప్యూటర్లు చెప్పే కుర్రాయన టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "ఆంప్లిఫయర్ లేకుండా వింటున్నారా సార్? మంచి హెడ్‌ఫోనును ఫోనుకు పెడితే గొంతు నొక్కినట్టే" అన్నాడు.

అంతే. ఆ రాత్రి ఘంటసాల గొంతు ఎవరో నిజంగానే నొక్కుతున్నట్టు వినిపించింది. నిన్నటి ఫోనే, నిన్నటి పాటే. మధ్యలో వచ్చి చేరింది ఆ ఒక్క మాట.

కొనేద్దామా అంటే అహం అడ్డొచ్చింది. ఫిజిక్స్ మాస్టారు ఆంప్లిఫయర్ కొనుక్కోవడమేమిటి, నేనే చేస్తాను, అదీ చవగ్గా చేస్తాను అనుకున్నాను. రెండువందల పేజీల నోటుబుక్కు కొని, మొదటి పేజీలో తేదీ వేసి, ఏ సర్క్యూటు కట్టాలన్నది తేల్చుకోవడానికి కూర్చున్నాను. కట్టడానికి పట్టింది రెండు ఆదివారాలు. తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎంచుకోవడంలో ఉన్న మత్తు ఎంచుకున్నాక ఉండదు. ఆ మత్తు కోసమే నేను తేల్చకుండా సాగదీశానని ఇప్పుడు అనుమానం.

మొట్టమొదట సలహా చెప్పింది మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన. ముప్ఫై ఏళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి అది. "దీనికింత ఆలోచనెందుకు సార్? 2822 వేసుకోండి, ఇరవై రూపాయల ఐసీ" అన్నాడు. టీడీఏ2822ఎం అంటే ఎనిమిది కాళ్ల చిన్న చిప్. రెండు చెవులకు రెండు ఆంప్లిఫయర్లు దాని కడుపులోనే ఉంటాయి, 1.8 వోల్టులిస్తే చాలు లేచి కూర్చుంటుంది. చిన్న రేడియోల్లో, చేతిలో పట్టే టేపురికార్డర్లలో ఉండే జాతి. అంటే హెడ్‌ఫోను కోసమే పుట్టిన చిప్ అన్నమాట. నాకు మాత్రం "రేడియో చిప్" అన్న మాటే వినబడింది. మా అమ్మాయి మొదటి జీతపు హెడ్‌ఫోనుకు రేడియో చిప్పా! నోటుబుక్కులో దాని పేరు రాసి, మీద అడ్డగీత కొట్టాను. గీత ఎందుకు కొట్టానో కారణం రాయలేదు, కారణం లేదు గనుక.

తర్వాత వాల్వుల మీదికి మనసు పోయింది. మా నాన్న దగ్గర ఒక వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేశాక అరనిమిషం మౌనం, లోపల నారింజరంగు వెలుగు, ఆ తర్వాత నెమ్మదిగా విజయవాడ కేంద్రం. 12ఏయూ7 అనే వాల్వును తక్కువ వోల్టేజీతోనే నడిపించి, వెనక మాస్‌ఫెట్ పెట్టే చవక పద్ధతులున్నాయి. మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "గాజుబుడ్డి వేడిగా ఉంటుందా?" ఉంటుందన్నాను. "అయితే వంటింట్లో పెట్టండి, పాలు కాగుతాయి" అంది. ఆ పేజీ మూసేశాను. మాస్‌ఫెట్లతో క్లాస్-ఎ కడదామన్న ఇంకో పేజీ కూడా అలాగే పోయింది. అది పాట ఉన్నా లేకపోయినా ఒకేలా కరెంటు తాగి వేడి కక్కే రకం, నేను దాని గురించి చదువుతున్నది మే నెలలో.

ఇక మిగిలినవి రెండు. ఆ రెంటి మధ్య నేను చేసిన న్యాయవిచారణ తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఒకటి ఓ2. పూర్తి పేరు ఆబ్జెక్టివ్2. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అని మారుపేరు పెట్టుకున్న ఒకాయన దీన్ని రూపొందించి, పటం, పార్టుల జాబితా, కొలతలు అన్నీ ఊరికే లోకానికి ఇచ్చేశాడు. 2012లో మాయమయ్యాడు, అసలు పేరు కూడా చెప్పుకోలేదు. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. చిప్‌ను ధర చూసి కాదు, కొలిచి ఎంచుకోవాలి. ఖరీదైన చిప్‌లు కూడా పెట్టి కొలిచి, చివరికి ఎన్‌జేఎం2068, ఎన్‌జేఎం4556 అనే చవక చిప్‌ల దగ్గరే ఆగాడు. రెండోదానికి ఆ పదవి ఎందుకిచ్చాడంటే, అది డెబ్భై మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు తోడగలదు గనుక. హెడ్‌ఫోనుకు కావలసింది బిరుదులు కాదు, కరెంటు. ప్రతి మాటకూ పక్కన అంకె ఉండేది. నేను రోజూ పిల్లల చేత చేయించేదే ఆయన చేశాడు. నాకది నచ్చలేదు. చవక చిప్‌లు పెట్టి గొప్పదంటాడేమిటి, పైగా పేరు కూడా చెప్పుకోని మనిషి మాట ఎలా నమ్మడం అనుకున్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, కోఠీలో పనికొస్తుంది.

రెండోది సీమోయ్. చు మోయ్ అనే అమెరికా ఆయన 1990ల చివర్లో ఇచ్చిన జేబు ఆంప్లిఫయర్. దాన్ని తలకెత్తుకోవడం తేలిక. ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఐసీ, గుప్పెడు రెసిస్టెన్సులు, కండెన్సర్లు. బ్యాటరీని రెండు రెసిస్టెన్సులతో సగానికి చీల్చి, ఆ నడుమను నేల అనుకోమంటుంది సర్క్యూటు. అమెరికాలో దీన్ని పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బాలో బిగించడం ఆచారం. మన దగ్గర ఆ డబ్బా లేదు గానీ ప్రయాణాల సబ్బుపెట్టె ఉంది. బ్యాటరీ, బోర్డు ఒద్దికగా పడుకుంటాయి, మూత టక్కున పడుతుంది. సీమోయ్ మంచి సర్క్యూటే. నేను దాన్ని ఎంచుకున్న కారణం మాత్రం మంచిది కాదు. అందులో ఐసీని బేస్‌లో గుచ్చి, ఎప్పుడంటే అప్పుడు పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. అంటే ఎంచుకునే మత్తు ఎప్పటికీ దిగదు.

ఆ ఐసీల గురించి నోటుబుక్కులో పద్దెనిమిది పేజీలు రాశాను. ఒక్క పేజీలోనూ అంకె లేదు. అన్నీ విశేషణాలే. ఒకటి "తీపి"గా ఉంటుందట. ఒకటి "ఎండిపోయినట్టు" ఉంటుందట. ఓపీఏ2134 దగ్గరికి వచ్చేసరికి "వెచ్చదనం" అని రాసి కింద రెండు గీతలు గీశాను. అరిజోనాలోని టూసాన్‌లో బర్-బ్రౌన్ అనే కంపెనీ ఉండేది, 2000లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. ఇది ఆ బర్-బ్రౌన్ వంశపు చిప్. వంశం మంచిదని పిల్లనిచ్చినట్టు ఖాయం చేసేశాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే; బోర్డు లేదు, బ్యాటరీ లేదు, నా శబ్దం పేరు వెచ్చదనం.

కోఠీ గుజరాతీ గల్లీకి ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా ఆ గల్లీ నాకు పండగే. స్కూటరు దూరితే మనిషి గోడకు అంటుకోవాలి, కొట్టులో ముగ్గురు నిలబడితే నాలుగోవాడు బయటే. కౌంటరు వెనక చిన్న చిన్న సొరుగులు నేల నుంచి కప్పు దాకా, రెసిస్టెన్సు కావాలంటే చెయ్యి చూడకుండానే సరైన సొరుగులోకి పోతుంది. నేను వెళ్లిన కొట్టు బోర్డు కూడా సరిగా చదవలేదు. ఆ రోజు నాకు కొట్టు పేరుతో పని లేకపోయింది.

"ఓపీఏ2134 ఉందా?"

"ఉంది సార్. ఎన్ని?"

"ఒరిజినలేనా?"

ఆయన తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. ఒరిజినలేనా అని నోటితో అడిగేవాడికి ఒరిజినల్ చూసి పోల్చుకోవడం రాదని అమ్మేవాడికి తెలియదా?

"ఒరిజినల్ అంటే ఒరిజినల్ రేటే అయితది సార్. నాలుగొందల యాభై."

"ఆ పక్క సొరుగులోవి?"

"అవి 4558. పదిహేను. మైకుసెట్లోళ్లు తీస్కపోతరు."

ఓపీఏ2134లు రెండు తీసుకున్నాను. నలుపు మీద తెల్లటి అక్షరాలు, ముద్దొచ్చేలా ఉన్నాయి. ముందు వైరింగు తప్పుంటే దేవుడికి కోడిపుంజులా బలివ్వడానికి పదిహేను రూపాయల 4558 కూడా ఒకటి తీసుకున్నాను. పేరు చెప్పని మనిషి కొలతలు నమ్మనివాణ్ణి, పేరు చూడని కొట్టులో నోటిమాట నమ్మి తొమ్మిదివందలు లెక్కపెట్టి ఇచ్చాను. వచ్చేటప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కూడా ఒకటి కొన్నాను. ఆ రోజు కొన్నవాటిలో పెట్టిన డబ్బుకు తగ్గ సరుకు అదొక్కటే.

కట్టుడు గురించి ఎక్కువ చెప్పను. వేళ్లు కాలాయి, ఒకసారి బ్యాటరీ క్లిప్పు తిరగేసి పెట్టాను, 4558 చచ్చిపోలేదు. మైకుసెట్ల వాళ్లు దాన్ని ఎందుకు తీస్కపోతరో అప్పుడే అర్థం కావలసింది. ముందు ఒక రిహార్సల్ బోర్డు కట్టి అందులో 4558 పెట్టి చూసుకుని, అదే కొలతలతో అసలు బోర్డు కట్టి సబ్బుపెట్టెలో బిగించాను. టీవీ బాగుచేసే ఆయన మధ్యలో వచ్చి చూసి, "అవుట్‌పుట్‌కు కండెన్సర్లు పెట్టండి సార్, ఐసీ ఎటుపోయినా హెడ్‌ఫోను కాయిల్ మిగులుతుంది" అన్నాడు. 470 మైక్రోఫారడ్లవి చెరొకటి పెట్టాను. మొత్తం వ్యవహారంలో తెలివైన పని అదొక్కటే, అదీ నాది కాదు.

వాల్యూమ్ కంట్రోలు విషయంలో మాత్రం తప్పు తెలిసే చేశాను. చెవికి శబ్దం సమంగా పెరిగినట్టు అనిపించాలంటే లాగ్ రకం కావాలి, కంట్రోలు మీద సాధారణంగా ఏ అని ఉంటుంది. కొట్టులో డబల్ కంట్రోలు అడిగితే బి ఒక్కటే ఉంది, లీనియర్. రేపు రమ్మన్నాడు. రేపటిదాకా ఎవరాగుతారు? తెచ్చేశాను. పైగా సీమోయ్ పటంలో ఉన్నట్టే పదకొండు రెట్ల గెయిన్ పెట్టాను. ఫలితం ఏమిటంటే, మీట గోరంత కదిపితే చెవులు అదిరిపోయేవి. ఎప్పుడూ మొదటి గోరంత మేరలోనే వినేవాణ్ణి. చవక డబల్ కంట్రోళ్లలో రెండు పట్టీలూ సరిగ్గా కలవనిది కూడా సరిగ్గా ఆ మొదటి మేరలోనే. అంటే ఒక చెవికి ఎక్కువ, ఒక చెవికి తక్కువ.

ఈ లోపాన్ని నేను ఏమని పిలిచానో చెప్పాలి.

పెట్టె మూత మూసి, లైటు తీసేసి, మాయాబజార్‌లో వెన్నెల పడవ పాట పెట్టాను. ఘంటసాల, లీల. పాట ముగిసేదాకా కళ్లు తెరవలేదు. తెరిచి మా ఆవిణ్ణి పిలిచి, "విను, వేదిక ఎంత విశాలంగా ఉందో! గొంతులు కాస్త ఎడమపక్కన నిలబడ్డాయి, నది వాళ్లకు కుడిపక్కన పరుచుకుంది" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా విని, "నాన్నా, అది 1957 సినిమా. మోనో. రెండు చెవుల్లోకీ వచ్చేది ఒకటే" అంది.

"రీమాస్టర్ చేసి ఉంటారు" అన్నాను.

ఇవీ నా సమాధానాలు. కొలతల దగ్గరా అంతే. ఫిజిక్స్ వాణ్ణి గనుక మీటరు పెట్టకుండా ఉండలేను, మీటరు చెప్పింది వినకుండానూ ఉండగలనని అప్పుడే తెలిసింది. ఓపీఏ2134కు డేటాషీటు ప్రకారం ఎనిమిది మిల్లీ ఆంపియర్లు కావాలి. చిప్ పీకి ఒకసారి, పెట్టి ఒకసారి బ్యాటరీ కరెంటు కొలిస్తే తేడా మూడే వచ్చింది. "చూశావా, ఎంత పొదుపైన చిప్పో, బ్యాటరీ రెట్టింపు రోజులొస్తుంది" అని నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత ఐసీ కాలు దగ్గర, కండెన్సరుకు ముందు, డీసీ కొలిచాను. ఓపీఏ2134 ముఖద్వారంలో ఫెట్లు ఉంటాయి, లోపలికి పీల్చే కరెంటు పికో ఆంపియర్లలో ఉంటుంది, కాబట్టి అక్కడ కొద్ది మిల్లీవోల్టులు మించి కనబడకూడదు. నా మీటరు 130 చూపించింది. లక్ష ఓముల రెసిస్టెన్సు మీద, పదకొండు రెట్ల గెయిన్ తర్వాత 130 మిల్లీవోల్టులు రావాలంటే చిప్ వందకు పైగా నానో ఆంపియర్లు అటో ఇటో పారించాలి. అది ఫెట్ చిప్ లక్షణం కాదు, మామూలు ట్రాన్సిస్టర్ల చిప్ లక్షణం. ఇంటర్ పిల్లాడు కట్టే లెక్క ఇది. నేను మీటరు బ్యాటరీ మార్చాను. మళ్లీ 130. మీటరు పాతదైపోయిందని తేల్చాను.

స్టాఫ్‌రూములో నా సబ్బుపెట్టె చేతులు మారింది. కంప్యూటర్ల కుర్రాయన విని మర్యాదగా తలూపాడు. లెక్కల మాస్టారు మాత్రం కరిగిపోయాడు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద, పాత పాటలంటే ప్రాణం. కళ్లు మూసుకుని, "ఏదో వెచ్చదనం ఉంది సార్ దీంట్లో" అన్నాడు. నేను ఆయనకు ఆ మాట చెప్పలేదని ఒట్టేసి చెప్పగలను. అయితే అంతకుముందు అరగంటలో ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. తనకూ ఒకటి కట్టిపెట్టమన్నాడు. మిగిలిన రెండో ఓపీఏ2134ను ఆయన పెట్టెలో పెట్టాను. చిప్‌కు నాలుగొందల యాభై, తక్కినవాటికి నాలుగొందల యాభై, మొత్తం తొమ్మిదివందలు తీసుకున్నాను. కూలి వద్దన్నాను. ఉదారంగా ఉన్నానని నాకు నేనే మురిసిపోయాను.

తెర తొలిగింది క్లాసులోనే. విద్యుత్ సామర్థ్యం పాఠం. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించాలని చెప్పి, ఏదైనా కొత్త లెక్క ఇద్దామని, "ఒక హెడ్‌ఫోను నిరోధం 32 ఓములు, ఫోను దానికి అర వోల్టు ఇస్తోంది, సామర్థ్యమెంత?" అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీ అమ్మాయి లేచి, "ఏడు పాయింట్ ఎనిమిది మిల్లీవాట్లు సార్" అంది. శభాష్ అన్నాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. మిల్లీవాటుకు 100 డెసిబెళ్లు. రెట్టింపుకు మూడు చొప్పున, ఎనిమిది రెట్లకు తొమ్మిది. అంటే నా ఫోను ఒక్కటే 109 డెసిబెళ్ల మోత మోగించగలదు. 85 డెసిబెళ్లలో ఎనిమిది గంటలు దాటి ఉంటే వినికిడికి ముప్పని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క. ఆ 85కు ఎంత కావాలి? పాఠం అయ్యాక స్టాఫ్‌రూములో కాగితం మీద కట్టాను. ముప్ఫై రెండు మిల్లీవోల్టులు. ఒక మిల్లీ ఆంపియరు. ఆ మాత్రం ఇవ్వడానికి ఫోను ఆయాసపడదు. 2822 నిద్రలో ఇస్తుంది. అర వోల్టును పదకొండు రెట్లు చేస్తే ఐదున్నర. నా 9 వోల్టుల బ్యాటరీ సగానికి చీలాక దానికి అంత ఎత్తు కూడా లేదు. అంటే ఇన్నాళ్లూ నేను ఫోను ఇచ్చిన దాన్ని మీటతో పాతికో వంతో, ముప్ఫయ్యో వంతో చేసి, మళ్లీ పదకొండు రెట్లు పెంచుకుని వింటున్నాను. చెరువులో నీళ్లు మోటారుతో తోడి, కుండలో పోసుకుని, చెంబుతో తాగుతున్నానన్నమాట.

ఆంప్లిఫయర్ అక్కర ఉన్న హెడ్‌ఫోన్లు లేవని కాదు. 300 ఓముల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది, 600 ఓముల బెయర్‌డైనమిక్‌లున్నాయి, వాటికి వోల్టులు కావాలి. నా దగ్గరున్నది అవి కావు. నా దగ్గరేముందో అటక మీది పెట్టెకు తెలుసు.

ఇంటికి వెళ్తూ బస్సులో కొత్త వాదం కట్టాను. శబ్దం పెంచడానికి కాదు, శబ్దం నాణ్యత కోసం కదా కట్టింది! ఓపీఏ2134 వెచ్చదనం మాటేమిటి? మా ఆవిడకు ఇదంతా చెప్పాను. ఆమె ఇంట్లో మిగిలిన రిహార్సల్ బోర్డును చూపించి, "దాంట్లో పదిహేను రూపాయలది ఉందిగా. ఏది ఏదో నాకు చెప్పకండి, నేనే మారుస్తాను, మీరు పోల్చండి" అంది. ఆమె చదివింది తెలుగు సాహిత్యం. ఈ పరీక్ష నాకు తట్టి ఉండాల్సింది.

కాస్తయినా ఎక్కువ మోగేది మేలుగా వినిపిస్తుంది, అందుకని ముందు రెండింటినీ సరిసమానం చెయ్యాలి. చౌక మీటర్లు 50 హెర్ట్జ్ ఇంటికరెంటు కోసం పుట్టినవి, పై స్వరాల దగ్గర తడబడతాయి. అందుకే 100 హెర్ట్జ్ స్వరం మోగించి, రెండింటి మీటలూ ఒకే మిల్లీవోల్టు వచ్చేదాకా కదిపి, కదలకుండా టేపు అంటించాను. మా ఆవిడ రెండింటి మీదా తువ్వాలు కప్పింది. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మయితే ఇది, బొరుసయితే అది. ఇరవై సార్లు. ఊరికే గుడ్డిగా చెప్పినా పది ఒప్పవుతాయి, పదిహేను వస్తే గానీ చెవికి ఏదో తెలుస్తోందని నమ్మలేం. నేను ప్రతిసారీ కళ్లు మూసుకుని, నిమిషం ఆలోచించి, ఖాయంగా చెప్పాను. ఏడోసారి నవ్వు కూడా వచ్చింది, ఇంత తేలికా అని.

తొమ్మిది.

ఆమె ఏమీ అనలేదు. కాగితం నాకిచ్చి, పప్పు తిరగమోతకు వెళ్లింది. అనకపోవడమే ఎక్కువ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు మిల్లీ ఆంపియర్లు, ఆ 130 మిల్లీవోల్టులు. అమ్మాయి గదిలోంచి గోళ్లరంగు తుడిచే ఎసిటోన్ సీసా తెచ్చి, సబ్బుపెట్టెలోంచి ఐసీ పీకి, దూది తడిపి రుద్దాను. అక్షరాలు పోయాయి, దూదికి నల్లటి మసి అంటింది. పైన వేసిన పూత అది. కింద అరగదీసిన వీపు. లైటు వాలుగా పట్టుకుని చూస్తే, పూర్తిగా అరగని పాత అంకెలు నాలుగు కనిపించాయి: 4558.

అంటే తువ్వాలు కింద ఉన్నవి రెండూ ఒకటే. ఇరవైకి తొమ్మిది వచ్చాయంటే నా చెవి ఆ పూట పొరపాటు చెయ్యలేదు. తేడా లేదు గనుక తేడా తెలియలేదు. అన్ని నెలల్లో అది ఒక్కసారే నిజం చెప్పింది, అదీ కళ్లకు గంతలు కడితే. కొట్టాయన మీద కోపం వచ్చింది గానీ నిలవలేదు. ఆయన నాకు అమ్మింది చిప్ కాదు, నేను అడిగిన మాట. ఆ మాటకు నాలుగొందల ముప్ఫై అయిదు, చిప్‌కు పదిహేను.

ఇప్పుడు హెడ్‌ఫోను మళ్లీ ఫోనుకే పెట్టుకుని వింటున్నాను. బాగుంది. సబ్బుపెట్టెలో మళ్లీ సబ్బు పెట్టుకోలేను, చిల్లులు పడ్డాయి.

ఇంతవరకూ చెప్పింది ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఒకటుంది. లెక్కల మాస్టారి పెట్టెలో ఉన్నది కూడా అదే సొరుగులోంచి తీసిన రెండో చిప్. పోయిన ఆదివారం ఎసిటోన్ సీసా, దూది, నాలుగొందల ముప్ఫై అయిదు రూపాయలు సంచిలో వేసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలోనే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. "సరిగ్గా సమయానికి వచ్చారు సార్, కూర్చోండి, ఇది వినండి" అని హెడ్‌ఫోను నా తలకు తగిలించాడు. పాత పాట, నలుపు తెలుపు సినిమాలోది. వాళ్లావిడ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన నా చెవి దగ్గరికి వంగి, దిండు కాస్త ఎత్తి, రహస్యం చెప్పినట్టు అన్నాడు: "గమనించారా? ఘంటసాల కొంచెం కుడిపక్కన నిలబడి పాడుతున్నాడు."

నేను కుడిపక్కకు చూశాను.